లింగభేదం, దేశభేదం, జాతి: ఒక రొయ్య సాక్ష్యం

చల్లని సముద్రాల అడుగున, బురద నేల మీద బతికే ఉత్తర రొయ్య మామూలుగా మొదట మగది. కొన్నేళ్లు మగదిగా బతికి, జతకట్టి, ఆ తర్వాత ఆడదిగా మారుతుంది. పొట్ట కింద నెలల తరబడి గుడ్లు మోస్తుంది. ఆడదిగానే చనిపోతుంది. దీని శాస్త్రనామం పాండలస్ బొరియాలిస్. గ్రీన్‌లాండ్ జీవులను వర్ణిస్తూ 1838లో డెన్మార్క్ జంతుశాస్త్రవేత్త హెన్రిక్ క్రొయర్ ఈ పేరు పెట్టాడు. మగది ఆడదవుతుందన్న సంగతి బయటపడటానికి ఇంకా తొంభై ఏళ్లు పట్టింది. ఇదే ప్రజాతికి చెందిన రొయ్యల్లో ఈ మార్పును 1930 ప్రాంతంలో కెనడా పసిఫిక్ తీరాన ఆల్ఫ్రెడా బర్క్‌లీ నిరూపించింది. అంతవరకూ వలలో చిన్నవన్నీ మగవిగా, పెద్దవన్నీ ఆడవిగా పడుతుంటే మగవి అసలు ఎదగవేమోనని అనుకోవడం సహజమే.

ఈ రొయ్యను వెల్లకిలా తిప్పితే తోక భాగం కింద ఐదు జతల ఈతకాళ్లు వరసగా కనిపిస్తాయి. లింగం తెలిసేది మొదటి రెండు జతల్లో. మగదాని మొదటి ఈతకాలి లోపలి రెబ్బ చివర, జతకట్టేటప్పుడు పట్టు దొరికే చిన్న కొక్కేలుంటాయి. ఆడదానిలో అదే రెబ్బ సన్నగా, మొన తేలి ఉంటుంది. రెండో జత లోపలి అంచున మగదానికి నూగుతో కూడిన ఒక మొలక అదనం. ఆడదానికి అది ఉండదు. మార్పులో ఉన్న రొయ్యను భూతద్దం కింద పెడితే మొలక కుంచించుకుపోతూ, రెబ్బ మొన తేలుతూ కనిపిస్తుంది. మార్పు ఒక్క రాత్రిలో జరగదు, పెంకు విడిచిన ప్రతిసారీ కొంత కొంత జరుగుతుంది. పొట్ట అడుగున నడిగీత మీద చిన్న ముళ్లు కూడా ఉంటాయి. మగదిగా ఉన్నప్పుడూ, మారేటప్పుడూ, ఆడదయ్యాక తొలి కాన్పు దాకా అవి ఉంటాయి. గుడ్లు మోయడానికి సిద్ధమై పెంకు విడిచినప్పుడు ఊడిపోతాయి. కాబట్టి ముళ్లు లేని రొయ్య చేతికొస్తే అది కనీసం ఒకసారి తల్లి అయిందని, లేదా కాబోతోందని చెప్పవచ్చు. ఒకప్పుడు మగదిగా తిరిగిన ఒంటి మీదే ఆ తల్లితనం రాసి ఉంటుంది.

పెంకుజీవుల్లో మగ లక్షణాలను నిలబెట్టేది ఒక చిన్న గ్రంథి. దాన్ని 1954లో ఫ్రాన్స్‌లో ఎలెన్ షార్నియో-కొట్టాఁ కనుగొంది. అది క్షీణిస్తే మగతనం సడలి, బీజకోశంలో అండాలు ఎదుగుతాయి. ఉత్తర రొయ్యలో మగది సుమారు 12 సెంటీమీటర్ల దాకా, ఆడది 16.5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆ తేడా వయసు తెచ్చిన తేడానే. మీసాలు మాత్రం రెండింటికీ ఒకటే. మగవాడినని మీసం మెలేసేవాడిని "రొయ్యకు లేవా మీసాలు" అని తెలుగు ఊళ్లలో ఎత్తిపొడుస్తారు. ఆ మాట వెనక సరైన పరిశీలన ఉంది. మీసం రొయ్య జాతికి గుర్తు, దాని లింగానికి గుర్తు కాదు.

లింగం ఇలా మారుతుంటే, మారే వయసు చోటును బట్టి మారుతుంది. అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ సింధుశాఖ అట్లాంటిక్‌లో ఈ రొయ్యకు దక్షిణపు సరిహద్దు. అక్కడ రొయ్య రెండున్నరేళ్లకు మగదిగా పక్వమై, మూడున్నరేళ్లకు ఆడదవుతుంది. నార్వేకు ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో, స్వాల్‌బార్డ్ చుట్టూ నీళ్లు ఇంకా చల్లన. అక్కడ ఎదుగుదల నిదానం, ఆయుష్షు ఎక్కువ, మార్పు రావడానికి నాలుగేళ్లు దాటి పడుతుంది, కొన్నిచోట్ల ఆరేడేళ్లు కూడా. గుడ్లు మోసే కాలం కూడా నీటి చలిని బట్టే సాగుతుంది. దక్షిణపు నీళ్లలో కొన్ని రొయ్యలు మగ దశను పూర్తిగా దాటేసి మొదటి నుంచీ ఆడవిగానే ఎదుగుతాయి. అంటే ఒకచోట నాలుగేళ్ల రొయ్య గుడ్లు మోసే తల్లి, ఇంకోచోట అదే వయసు రొయ్య ఇంకా మగది. రెండిటికీ పేరు ఒకటే.

ఆ ఒక్క పేరుకు ఆధారం ఏమిటన్నది తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్న. రూపం మారుతుంది, లింగం మారుతుంది, ఎదిగే వేగం మారుతుంది. అయినా "ఇది అదే" అనిపిస్తుంది. ఆ "అదే" ఎక్కడుంది?

ఈ ప్రశ్నలోని లింగభేదపు భాగాన్ని అరిస్టాటిల్ సూటిగా వేసుకున్నాడు. మెటాఫిజిక్స్ పదో పుస్తకం తొమ్మిదో అధ్యాయంలో ఆయన ఎత్తిన సందేహం ఇది: ఆడ, మగ పరస్పర విరుద్ధాలు. విరోధం జాతుల్ని విడదీస్తుంది కదా, మరి ఆడది వేరే జాతి ఎందుకు కాలేదు? ఆయన చెప్పిన సమాధానం ప్రకారం ఈ భేదం ద్రవ్యంలో, శరీరంలో ఉన్నదే గాని స్వరూపంలో ఉన్నది కాదు. ఒకే బీజం ఏదో ఒక ప్రభావానికి లోనై ఆడదో మగదో అవుతుంది. ఉత్తర రొయ్య ఈ సమాధానాన్ని ఆయన ఊహించిన దానికంటే ముందుకు తీసుకెళ్తుంది. బీజమే కాదు, ఎదిగిన ప్రాణి కూడా ఒకదాని నుంచి ఇంకొకటి అవుతుంది. అయితే అదే అరిస్టాటిల్ జంతువుల పుట్టుక గురించి రాసిన గ్రంథంలో ఆడదాన్ని ఒక లోపంగా, పూర్తికాని మగదిగా లెక్కగట్టాడు. ఆ మెట్లు ఈ రొయ్య దగ్గర నిలబడవు. ఇక్కడ మగతనం ముందు దశ, ఆడతనం ఎదిగిన దశ. అలాగని ఆడది పూర్ణం, మగది అపూర్ణం అని తిరగరాసినా అదే తప్పు అవుతుంది. రెండు దశలూ లేకపోతే తర్వాతి తరం లేదు.

భారతీయ దర్శనాల్లో ఈ చర్చ మాట నుంచి మొదలవుతుంది. "ఆవు" అన్న మాటకు అర్థం ఏది? కళ్లముందున్న ఒక్క ఆవా, ఆవులన్నిటి ఆకారమా, ఆవుతనమా? గౌతముడి న్యాయసూత్రాలు రెండో అధ్యాయం చివర వ్యక్తి, ఆకృతి, జాతి అనే మూడింటినీ విడివిడిగా తూచి, మాటకు ఈ మూడూ అర్థమేనని తేలుస్తాయి. ఆ చర్చలో మట్టితో చేసిన ఆవు ఒకటి వస్తుంది. అదీ ఒక వ్యక్తే, దానికి ఆకృతి కూడా ఉంది, కానీ ఆవు అనిపించుకోదు. దానికి స్నానం చేయించమని గాని, దాన్ని దానం ఇమ్మని గాని ఎవరూ అనరు. కొండపల్లి బొమ్మల ఆవును చూసినవారికి ఈ వాదం వెంటనే అర్థమవుతుంది. రూపం అచ్చు దిగినంత మాత్రాన జాతి దిగదు. దీన్ని తిప్పి చూస్తే రొయ్య సంగతి వస్తుంది. కొక్కేలున్న మగ రొయ్య, కొక్కేలు లేని ఆడ రొయ్య ఆకృతిలో తేడాపడ్డా జాతి తప్పలేదు.

జాతికి, న్యాయవైశేషికుల మాటలో సామాన్యానికి, అందరూ మొదట చదువుకునే నిర్వచనం తర్కసంగ్రహంలోనిది. దాన్ని రాసిన అన్నంభట్టు కృష్ణాతీరపు గరికపాడువాడని ప్రసిద్ధి. ఆ నిర్వచనం ప్రకారం సామాన్యం నిత్యం, ఒక్కటి, అనేక వస్తువుల్లో అనుగతమై ఉండేది. ప్రతి వ్యక్తిలోనూ అది సంపూర్ణంగా ఉంటుంది, ముక్కలుగా పంచుకోబడదు. ఈ నియమాన్ని బిగించినవాడు పదో శతాబ్దపు ఉదయనుడు. ఏ ధర్మం జాతి కాలేదో చెప్పే బాధకాలను ఆయన కిరణావళిలో లెక్కపెట్టాడు. వాటిలో సంకరం ఒకటి. రెండు ధర్మాలు ఒకదాన్ని విడిచి ఇంకొకటి ఉండి, మళ్లీ ఒకేచోట కలిసి కూడా ఉంటే, రెండూ జాతులు కాలేవు.

ఆ గీటురాయి మీద ఆడతనాన్ని, రొయ్యతనాన్ని గీసి చూడవచ్చు. ఆడతనం రొయ్యతనం లేకుండా ఆవులో ఉంది. రొయ్యతనం ఆడతనం లేకుండా మగ రొయ్యలో ఉంది. రెండూ కలిసి ఆడ రొయ్యలో ఉన్నాయి. కాబట్టి ఒకదాన్ని జాతి పదవి నుంచి దించక తప్పదు. దేన్ని దించాలో సంకర నియమం చెప్పదు గాని, ఉత్తర రొయ్య చెబుతుంది. మెయిన్ రొయ్య మూడున్నరేళ్లకు ఆడతనాన్ని తెచ్చుకుంటుంది, రొయ్యతనాన్ని ఏ రోజూ తెచ్చుకోలేదు, పుట్టుకతోనే వచ్చింది. వ్యక్తి బతికుండగా వచ్చి చేరే ధర్మం, విడిచిపోయే ధర్మం నిత్యమైన జాతి కాలేదు. అది ఉపాధి, అంటే బయటి నుంచి వచ్చి చేరిన ధర్మం. వైశేషికుల లెక్కలో అవయవాలు చేరుతూ పోతే పాత శరీరం పోయి కొత్త శరీరం పుట్టినట్టేనన్న వాదం ఇక్కడ అడ్డు రావచ్చు. ఎన్ని శరీరాలు మారినా ప్రతి శరీరంలోనూ రొయ్యతనం ఉంటుంది, ఆడతనం మాత్రం కొన్నిట్లోనే ఉంటుంది. కాబట్టి తీర్పు మారదు.

శ్వేతాశ్వతరోపనిషత్తు ఐదో అధ్యాయం ఇదే తీర్పును ఇంకో దారిలో చెబుతుంది. అక్కడ జీవుడు స్త్రీ కాదు, పురుషుడు కాదు, నపుంసకం కాదు. ఏ శరీరం తీసుకుంటే ఆ లింగంతో కలిసి ఉంటాడు. ఉపనిషత్తు మాట ఆత్మను గురించి, ప్రాణిజాతిని గురించి కాదు. రెండిటినీ కలిపేయకూడదు. లింగం శరీరానికి చెందిన ఉపాధి అన్నంతవరకు మాత్రం దర్శనం, జీవశాస్త్రం ఒకేచోట నిలుస్తాయి. తెలుగు వాడుక కూడా అటే ఉంది. తెలుగు వ్యాకరణం లోకాన్ని మహత్తు, అమహత్తు అని విడదీసి రొయ్యను అమహత్తులో పెట్టింది. మగదైనా ఆడదైనా దానికి "అది" ఒక్కటే. లింగం చెప్పాలంటే పోతు అనో పెంటి అనో విడిగా మాట చేర్చాలి.

బౌద్ధులు ఈ నిత్యమైన జాతినే ఒప్పుకోలేదు. దిఙ్నాగుడి అపోహవాదం ప్రకారం "రొయ్య" అన్న మాట రొయ్యలన్నిట్లో దాగిన ఏదో ఒక వస్తువును చూపదు. రొయ్య కానివాటిని పక్కకు నెడుతుంది, అంతే. ఏమీ ఉమ్మడిగా లేకపోతే ఆ నెట్టివేత కూడా ఎలా కుదిరిందని నైయాయికులు అడిగారు. దానికి ధర్మకీర్తి మందుమొక్కల ఉదాహరణ ఇచ్చాడు. తిప్పతీగ, అలాంటి మరికొన్ని మూలికలు ఒక్కొక్కటిగానో కలిసో జ్వరం తగ్గిస్తాయి. వాటన్నిట్లో "జ్వరం తగ్గించేతనం" అనే నిత్య పదార్థం కూర్చుని లేదు. చేసే పని ఒకటి కాబట్టి ఒక మాట కింద చేర్చుకున్నాం. ఉత్తర రొయ్య విషయంలో ఈ వాదానికి నైయాయికుల వాదం కంటే ఒక బలం ఎక్కువ ఉంది. మగ రొయ్య, ఆడ రొయ్య, మెయిన్ రొయ్య, స్వాల్‌బార్డ్ రొయ్య వీటన్నిట్లో మారకుండా ఉన్న ఒక్క గుర్తును వెతకాల్సిన అవసరం అది పెట్టదు. కానీ దీనికి ఒక బలహీనత కూడా ఉంది. మూలికల్ని కలిపింది మనిషి అవసరం. మగ, ఆడ రొయ్యల్ని కలిపింది మనిషి కాదు, అవి మనిషి చూడకముందే కలిసి ఉన్నాయి.

మనిషి చూపు ఎలా దారి తప్పుతుందో 1758లో జీవులకు పేర్లు పెడుతూ లిన్నేయస్ రాసిన గ్రంథంలో కనిపిస్తుంది. పచ్చని తలతో మెరిసే మగ బాతుకు ఒక పేరు, గోధుమ రంగు ఆడ బాతుకు ఇంకో పేరు పెట్టి వాటిని రెండు జాతులుగా ఎక్కించాడు. రెండూ ఒకే జాతి అని తర్వాత తేలింది. ఈ తప్పును రూపాలను ఇంకా నిశితంగా పోల్చి దిద్దలేదు, నిశితంగా చూసే కొద్దీ తేడాలే పెరుగుతాయి. ఏది దేనితో జతకడుతుంది, ఏ గుడ్డులోంచి ఏది వస్తుంది అని చూసి దిద్దారు. 1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మయర్ జాతిని నిర్వచించింది కూడా అలాగే. తమలో తాము సంతతిని కనే గుంపులు, ఇతర గుంపులతో ఆ సంబంధం లేనివి, ఒక జాతి. 1974లో మైకేల్ గిసెలిన్ ఇంకా దూరం వెళ్లాడు. జాతి అనేది ఒక తరగతి కాదు, కాలంలో పుట్టి, సాగి, అంతరించే ఒక వ్యక్తి అన్నాడు. ఒక్కో ప్రాణి ఆ జాతికి ఉదాహరణ కాదు, దానిలో భాగం.

న్యాయ పరిభాషలో పెడితే ఇది పెద్ద మలుపు. జాతి ప్రతి వ్యక్తిలోనూ పూర్తిగా ఉంటుంది, అవయవి మాత్రం అవయవాలన్నీ కలిస్తేనే నిలుస్తుంది. గిసెలిన్ చెప్పేది జాతిని కాదు, అవయవిని. రొయ్య దగ్గర ఆ మాటే సరిపోతుంది. ఏ ఒక్క మగ రొయ్యా తన జాతి గుర్తులన్నిటినీ మోయదు, ఏ ఒక్క ఆడ రొయ్యా మోయదు. జాతి అనే మాట కూడా పుట్టుకను చెప్పే "జన" ధాతువు నుంచే వచ్చింది. బౌద్ధులు క్షణాల ప్రవాహానికి వాడిన మాట సంతానం. తెలుగులో ఆ మాటే బిడ్డలకు వాడుక. ఉత్తర రొయ్య అనే ఏకత్వం ఆ రెండో అర్థంలో సంతానం, మొదటి అర్థంలోనూ సంతానమే. నిత్యం కాదు, ఉత్త పేరూ కాదు, పుట్టుకల వరస. లింగభేదం ఆ వరసను తెంచదు, అదే వరసను నడిపిస్తుంది.

ఆంధ్ర తీరంలో బాగా ఎరిగిన టైగర్ రొయ్యలో మగ, ఆడ జీవితాంతం వేరు. ఆడది పెద్దగా ఎదుగుతుంది, 33 సెంటీమీటర్ల దాకా. పక్షుల్లో లాగే ఇక్కడ కూడా లింగాన్ని తేల్చే క్రోమోజోముల జతలో తేడా ఉండేది ఆడదానిలో. తల్లి రొయ్యను తిరగేస్తే చివరి నడకకాళ్ల మధ్య బీజాన్ని దాచుకునే మూసిన సంచి లాంటి అంగం కనిపిస్తుంది. వనామి రొయ్యలో ఆ చోటు తెరిచి ఉంటుంది. మగది బీజపు మూటను పైనే అంటిస్తుంది. ఆ అంగం మూసి ఉందా తెరిచి ఉందా అన్నది, మరికొన్ని గుర్తులతో కలిపి, ఈ రొయ్యల వర్గీకరణకు ఆధారమైంది. 1997లో పెనాయస్ అనే పాత ప్రజాతిని విడగొట్టి వనామిని లిటోపెనాయస్‌గా మార్చారు. 2011లో జన్యువుల ఆధారంతో మళ్లీ అన్నిటినీ పెనాయస్ కింద చేర్చాలని వాదించారు. రొయ్య ఏమీ మారలేదు. ఒక జాతిలో ఆడదాన్ని మగదాని నుంచి వేరుచేసే గుర్తే, జాతిని జాతి నుంచి వేరుచేసే గుర్తు కూడా అయింది. సంస్కృతంలో లింగం అంటే ఆడ, మగ భేదమూ, ఊహకు ఆధారమైన గుర్తూ రెండూ కావడం ఇక్కడ అక్షరాలా నిజం.

దేశభేదం ఇంత సులభంగా తేలదు. ఆడ, మగ రొయ్యలు ఎంత తేడాగా ఉన్నా కలుస్తాయి కాబట్టి ఒకటి. దూరదేశపు రొయ్యలు ఎంత పోలికగా ఉన్నా కలవకపోతే వేరు కావచ్చు. జపాన్‌లో పేరుపొందిన కురుమా రొయ్య ఇందుకు సాక్ష్యం. దాన్ని ఒకే జాతి అనుకుంటున్న కాలంలోనే పై పెంకు మీది పట్టీల తీరులో రెండు రకాలున్నాయని గమనించారు. ఒకటి జపాన్, చైనా వైపు నీళ్లది. ఇంకొకటి దక్షిణ చైనా సముద్రం నుంచి ఆస్ట్రేలియా, ఎర్రసముద్రం, మధ్యధరా దాకా పరుచుకున్నది. జన్యువులు చూస్తే రెండూ వేర్వేరు పుట్టుకల వరసలని తేలింది. 2014లో రెండోదానికి స్టెబింగ్ 1914లో పెట్టిన పెనాయస్ పుల్క్రికాడేటస్ అనే మరుగునపడ్డ పేరును తిరిగి నిలబెట్టారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలినట్టు వరస చీలుతుంది. చీలిన చోట నిలబడితే రెండూ గోదావరే. సముద్రం దగ్గర నిలబడితే రెండు నదులు. చీలిక ఎక్కడ పూర్తయిందన్న గీత నీటి మీద ఉండదు.

ఉత్తర రొయ్యకు కూడా అలాంటి పాయ ఉంది. పసిఫిక్ ఉత్తరాన, జపాన్ దాకా బతికేదాన్ని 1935లో మకారోవ్ పాండలస్ ఇయోస్ అని వర్ణించాడు. జపాన్‌లో అమాఎబి అని, అంటే తీపి రొయ్య అని, పచ్చిగా తినేది ఇదే. చాలాకాలం దాన్ని అట్లాంటిక్ రొయ్యకు ఒక ప్రాంతీయ భేదంగానే లెక్కపెట్టారు. 1992లో స్క్వయర్స్ అది వేరే జాతి అని వాదించాడు. రెండిటికీ మధ్య ఆర్కిటిక్ ఉంది. అవి సముద్రంలో ఎదురుపడి జతకట్టే సందర్భం లేదు కాబట్టి మయర్ పరీక్ష ఇక్కడ జరగదు. పుట్టుకల వరసే జాతి అని ఒప్పుకున్నా, ఆ వరస చీలిందో లేదో తెలుసుకోవడానికి శాస్త్రవేత్త మళ్లీ పెంకు మీది ముళ్లను, వాటి కొలతలను, జన్యువుల అక్షరాలను చదవాల్సిందే. గౌతముడు ఆకృతికి ఇచ్చిన స్థానం సరిగ్గా ఇదే. ఆకృతి జాతి కాదు, జాతిని తెలిపే గుర్తు. మెయిన్ నుంచి స్వాల్‌బార్డ్ దాకా మగతనం నుంచి ఆడతనానికి దాటే వయసు మారినా రొయ్యలను వేరు జాతులుగా చీల్చలేదు, పసిఫిక్ రొయ్యను మాత్రం ఆకృతిలోని తేడాను బట్టి చీల్చారు. మొదటిది నీటి చలి వల్ల వచ్చిన మార్పు. రెండోది పుట్టుకల వరసలో చీలికకు గుర్తు.